తెరచాపకు కొయ్య కడియాలు ఎందుకు?

గాలి ఉధృతమైతే తెరచాపను గబుక్కున దించాలి. కాబట్టి అది పడవ స్తంభాన్ని వదలకూడదు, దాని మీద జారుతూనూ ఉండాలి. ఎలా?

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1921లో పుట్టిన బీటిల్ క్యాట్‌నే చూడండి. 12 అడుగులు దాటిన చిన్న కొయ్య పడవ. దాని స్తంభానికి గాజుల్లా కడియాలుంటాయి. పలచని చెక్కను ఆవిరితో మెత్తబరిచి, గుండ్రంగా వంచి, చివర్లు కలిపి రాగి రివెట్లు కొడతారు. స్తంభం నిలబెట్టకముందే తొడగాలి సుమా! తర్వాత ఒకటి విరిగితే స్తంభాన్నే పీకాలి. తెలివైనవాళ్లు ముందే ఒకటి అదనంగా తొడిగి ఉంచుతారు.

తెరచాప అంచున ఇత్తడి రింగులు బిగించిన కన్నాలుంటాయి. సన్నని తాడును కన్నంలోంచి దూర్చి, కడియం చుట్టూ నాలుగైదు చుట్లు వేసి ముడేస్తారు. పై కడియంతో మొదలుపెట్టి, చాపను కాస్త కాస్త లేపుతూ ఒక్కొక్కటే కడతారు.

కిటుకంతా ఆ కట్టులోనే ఉంది. మరీ బిగిస్తే, చాపను లాగినప్పుడు కడియం వెనకవైపు లేచి, ముందువైపు కిందే ఉండిపోతుంది. ఏటవాలుగా పడి స్తంభానికి బిగుసుకుంటుంది. కట్టు కొంచెం వదులుగా, కడియం స్తంభం కంటే బాగా వెడల్పుగా ఉండాలి. అప్పటికీ మొరాయిస్తే, కడియాల ముందువైపులన్నిటినీ ఒక తాడుతో కలపాలి. పైది లేస్తే కిందివాటి ముందువైపూ లేస్తుంది.