పళ్లెం తిరిగేదాకా ఆగాల్సిందే

ఆరేడేళ్ల ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, తెర మీద గుండ్రం తిరగడం ఒక పట్టాన ఆగదు. ఫార్మాట్ కొట్టించినా నాలుగు రోజులే. "ప్రాసెసర్ పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అంటారు. చాలాసార్లు ఈ మాట అన్యాయం. ప్రాసెసర్ పని లేక కూర్చుని ఉంది. అది ఎదురుచూసేది హార్డ్‌ డిస్క్ కోసం.

మొదటి హార్డ్‌ డిస్క్ 1956లో వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రెనాల్డ్ జాన్సన్ బృందం ఐబీఎం కోసం తయారుచేసిన 'రామాక్' యంత్రంలో సమాచారం దాచే రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. అన్నీ ఒకే ఇరుసు మీద నిమిషానికి 1,200 సార్లు తిరిగేవి. బరువు టన్ను దాకా. అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఇవాళ్టి ఫోన్‌తో తీసిన ఒకటి రెండు ఫొటోలకే నిండిపోతుంది. అయినా అది గొప్ప మలుపే. టేపులో కావలసిన సమాచారం దొరకాలంటే మొదటి నుంచీ తిప్పుకుంటూ రావాలి. ఇక్కడ చదివే హెడ్ నేరుగా అక్కడికే వెళ్తుంది. అందుకు సగటున పట్టేది 600 మిల్లీసెకన్లు.

తర్వాత పళ్లెం చిక్కిపోతూ వచ్చింది. 1988కల్లా ల్యాప్‌టాప్‌లో ఇమిడే రెండున్నర అంగుళాల డిస్క్ తయారైంది. అదే ఏడాది ఆల్బెర్ ఫెర్, పీటర్ గ్రున్‌బెర్గ్ విడివిడిగా కనిపెట్టిన అయస్కాంత ప్రభావం వల్ల మరీ సన్నని గుర్తుల్ని కూడా హెడ్ చదవగలిగింది. 2007లో ఇద్దరికీ నోబెల్ దక్కింది. టెరాబైట్ డిస్క్ వచ్చేసరికి నిల్వ రామాక్ మీద రెండు లక్షల రెట్లు పెరిగింది.

మరి వేగం? అసలు కథ ఇక్కడే ఉంది. ల్యాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. హెడ్‌ను మోసే చేయి జరగాలి, కావలసిన చోటు హెడ్ కిందికి రావాలి. అన్నీ కలిపి సుమారు 15 మిల్లీసెకన్లు. 600 నుంచి 15కి, అంటే 40 రెట్లే. ఇనుమూ ఇరుసూ ఉన్నచోట అంతకంటే ఆశించలేం. 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం ఆ 15 మిల్లీసెకన్లలో 3 కోట్ల సార్లు టిక్కుమంటుంది. అన్నీ వృథా.

ప్రాసెసర్ పని చేసుకునే తాత్కాలిక జ్ఞాపకం, అంటే ర్యామ్‌కు ఈ బాధ లేదు. 1966లో ఐబీఎంలోనే రాబర్ట్ డెనార్డ్ ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్‌తో ఒక బిట్‌ను దాచే ఉపాయం కనిపెట్టాడు. ఆ కెపాసిటర్ కారే కుండలాంటిది. సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. కరెంటు పోతే అంతా పోతుంది. కానీ అందులోది నానోసెకన్లలో అందుతుంది. బ్రౌజర్‌లో పాతిక ట్యాబ్‌లు తెరిచి ర్యామ్ నిండిపోతే, ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సరుకును డిస్క్‌లోకి నెడుతుంది. అది మళ్లీ కావాల్సినప్పుడల్లా మన 3 కోట్ల టిక్కులు. ర్యామ్ చాలకపోతే దెబ్బ పడేది డిస్క్ మీదే.

పళ్లేన్ని తప్పించింది ఫ్లాష్. 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టిన ఈ పద్ధతిలో ఎలక్ట్రాన్లు కరెంటు లేకపోయినా కదలకుండా బందీలై ఉంటాయి. కదిలే చేయి లేదు, తిరిగే పళ్లెం లేదు. ఎస్‌ఎస్‌డీ అంటే ఇదే. జవాబు సుమారు 0.1 మిల్లీసెకనులో వస్తుంది.

కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా పళ్లేలే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8కి పెంచండి. అయితే మీ ల్యాప్‌టాప్‌కు సరిపోయే రకమే కొనండి: డీడీఆర్3, డీడీఆర్4 ర్యామ్ కార్డుల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు. డిస్క్ విప్పకముందే ఫైళ్లు వేరేచోట దాచుకోండి. సన్నని కొత్త మోడళ్లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. విద్యుత్తు ఆదా అవుతుందన్నది నిజమే. కొన్నవాడి చేతులు కట్టేయడమూ అంతే నిజం. అందుకే ఈసారి షాపులో రంగూ బరువూ చూసేముందు "దీంట్లో ర్యామ్ మార్చుకోవచ్చా?" అని అడగండి.