సూరత్ టీటీ హాలు నుంచి హనోయ్ పూల్ బల్ల దాకా: టోర్నీ పెట్టే హక్కు ఎవరిది?

సూరత్ అనగానే తెలుగువాళ్లకు మరమగ్గాలు గుర్తొస్తాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాలుగా వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. క్రీడాలోకంలో మాత్రం ఆ ఊరికి ఇంకో పేరుంది. భారత టేబుల్ టెన్నిస్‌కు అది పెద్ద కేంద్రం. కామన్వెల్త్ క్రీడల్లో 2018లోనూ, 2022లోనూ స్వర్ణం గెలిచిన పురుషుల జట్టులో సభ్యుడైన హర్మీత్ దేశాయ్‌ది ఆ ఊరే. మానవ్ ఠక్కర్ కూడా సూరత్ ఆటగాడే. 2022 సెప్టెంబర్‌లో గుజరాత్‌లో 36వ జాతీయ క్రీడలు జరిగినప్పుడు, అహ్మదాబాద్‌లో ప్రారంభోత్సవం కంటే ముందే టేబుల్ టెన్నిస్ పోటీలు సూరత్‌లో పూర్తయ్యాయి. పురుషుల టీమ్ స్వర్ణం ఆతిథ్య రాష్ట్రానికే దక్కింది.

ఇలాంటి ఊళ్లో ఓ బట్టల వ్యాపారి మంచి ప్రైజ్ మనీ పెట్టి సొంతంగా టీటీ లీగ్ నడపాలనుకున్నాడని అనుకుందాం. హాలు దొరుకుతుంది, టేబుళ్లు దొరుకుతాయి, చూడటానికి జనం వస్తారు. మరి ఆటగాళ్లు? వాళ్లు జిల్లా సంఘంలో నమోదై ఉంటారు. జిల్లా సంఘం రాష్ట్ర సంఘానికి, రాష్ట్ర సంఘం జాతీయ సమాఖ్యకు అనుబంధంగా ఉంటాయి. పై నుంచి ‘ఈ టోర్నీకి మా గుర్తింపు లేదు, ఆడితే చర్యలు తప్పవు’ అని ఒక్క మెసేజ్ వస్తే చాలు, ఎంట్రీలు ఆగిపోతాయి. రాష్ట్ర ర్యాంకింగ్, జట్టు ఎంపిక, స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, ఉద్యోగం అన్నీ గుర్తింపు ఉన్న టోర్నీల సర్టిఫికెట్ల మీదే ఆధారపడి ఉంటాయి. పదిహేనేళ్ల పిల్లవాడి తల్లిదండ్రులు అంత రిస్క్ తీసుకోరు.

ఇదేమీ ఊహాజనిత సమస్య కాదు. ముంబైకి చెందిన ‘టీటీ ఫ్రెండ్లీ సూపర్ లీగ్ అసోసియేషన్’ అనే సంస్థ 2021లో సరిగ్గా ఇదే ఫిర్యాదుతో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) దగ్గరకు వెళ్లింది. ముంబై శివారు జిల్లాకు చెందిన సబర్బన్ టేబుల్ టెన్నిస్ అసోసియేషన్, మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్ర సంఘాలు, జాతీయ సమాఖ్య టీటీఎఫ్ఐ ప్రతివాదులు. అనుబంధం లేని సంస్థల పోటీల్లో ఆడొద్దంటూ ఆటగాళ్లను, కోచ్‌లను, క్లబ్బులను అడ్డుకుంటున్నారన్నది ఆరోపణ. సూరత్ ఆటగాళ్లు గుజరాత్ సంఘం పరిధిలోకే వస్తారు కాబట్టి ఈ కేసు వాళ్లకు నేరుగా వర్తిస్తుంది. 2021 నవంబర్‌లో సీసీఐ ప్రాథమికంగా ఇందులో విషయం ఉందని భావించి, తన దర్యాప్తు విభాగానికి అప్పగించింది. దర్యాప్తు, వాదనలు ముగిశాక అలాంటి నిబంధనలు పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చి, వాటిని మానుకోవాలని ఆదేశించింది. జరిమానా మాత్రం వేయలేదు.

పూల్ బల్ల దగ్గరా ఇదే గొడవ

పూల్ అంటే మన క్లబ్బుల్లో కాలక్షేపం. ఫిలిప్పీన్స్, వియత్నాం, తైవాన్‌లలో మాత్రం అది వృత్తి, జీవనాధారం. ఆ ఆటకు ప్రపంచస్థాయి పాలక సంస్థ వరల్డ్ పూల్ అసోసియేషన్ (డబ్ల్యూపీఏ). అతిపెద్ద ప్రమోటర్ బ్రిటన్‌కు చెందిన మ్యాచ్‌రూమ్ కంపెనీ. బాక్సింగ్, స్నూకర్, డార్ట్స్‌ను టీవీ వ్యాపారంగా మార్చిన బారీ హెర్న్ స్థాపించిన సంస్థ ఇది. 2023లో మ్యాచ్‌రూమ్ ‘వరల్డ్ నైన్‌బాల్ టూర్’ పేరుతో సొంత టోర్నీల పరంపర, సొంత ర్యాంకింగ్ మొదలుపెట్టింది. అక్కడి నుంచే చెడింది. 2024లో హనోయ్ ఓపెన్‌కు తమ ఆమోదం లేదని, ఆడితే సస్పెన్షన్ తప్పదని డబ్ల్యూపీఏ, దాని ఆసియా సమాఖ్య వైపు నుంచి హెచ్చరికలు వచ్చాయి. అయినా టోర్నీ జరిగింది. గెలిచింది ఫిలిప్పీన్స్‌కు చెందిన యోహాన్ చువా.

ఈ హెచ్చరిక అందుకున్నది ఎవరో గమనించాలి. మ్యాచ్‌రూమ్ కాదు. ఆ కంపెనీ మీద పాలక సంస్థకు ఏ అధికారమూ లేదు. అందుకే దెబ్బ ఎప్పుడూ ఆటగాడి మీద పడుతుంది. ముంబైలో, హనోయ్‌లో, కింద చెప్పుకోబోయే హైదరాబాద్ ఉదంతంలో జరిగింది అదే.

అసలు చిక్కు ఎక్కడంటే, క్రీడా సమాఖ్య రెండు టోపీలు పెట్టుకుని ఉంటుంది. ఒక టోపీతో నియమాలు రాస్తుంది, ర్యాంకులిస్తుంది, డోపింగ్, ఫిక్సింగ్‌ల మీద కన్నేసి ఉంచుతుంది. ఇంకో టోపీతో తానే టోర్నీలు పెట్టి స్పాన్సర్లను, టీవీ హక్కులను అమ్ముకుంటుంది. బజారులో దుకాణం ఉన్నవాడికే పక్క దుకాణానికి లైసెన్సు ఇచ్చే పని అప్పగిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అనుమతి ఇచ్చేవాడే పోటీదారు.

హైదరాబాద్ మూల్యం చెల్లించిన సంవత్సరాలు

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తేమీ కాదు. 2007లో జీ గ్రూపు అధినేత సుభాష్ చంద్ర, కపిల్ దేవ్‌ను ముందు పెట్టి ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్) ప్రారంభించారు. బీసీసీఐ దాన్ని గుర్తించలేదు. కపిల్‌ను జాతీయ క్రికెట్ అకాడమీ చైర్మన్ పదవి నుంచి తప్పించింది. చేరిన ఆటగాళ్లకు దేశవాళీ, అంతర్జాతీయ క్రికెట్ తలుపులు మూసేసింది. చేరినవారిలో హైదరాబాద్ కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. అందరికంటే ప్రముఖుడు అంబటి రాయుడు. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టు కెప్టెన్ ఆయన.

ఎల్బీ స్టేడియం వేదికగా ఆడిన హైదరాబాద్ హీరోస్ 2008లో టైటిల్ కూడా గెలిచింది. కానీ ఆ ఏడాదే ఐపీఎల్ మొదలైంది. ఐసీఎల్ ప్రకటన వచ్చిన కొన్ని నెలలకే బీసీసీఐ సొంత టీ20 లీగ్ ప్రకటించిందన్నది మరిచిపోకూడదు. పోటీదారుడి ఆలోచనను కాదన్నవాళ్లే అదే నమూనాను తమ పేరుతో తెచ్చారు. ఐసీఎల్ చతికిలబడింది. 2009లో బీసీసీఐ 79 మంది భారత ఆటగాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. ఆ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది కానీ, ఒక ప్రైవేటు లీగులో ఆడటం ఏ చట్టం ప్రకారం నేరమో ఎవరూ చెప్పలేదు. రాయుడు తర్వాత బరోడాకు మారారు. భారత్ తరఫున తొలి వన్డే ఆడింది 2013 జులైలో, హరారేలో. అప్పటికి ఆయన వయసు 27.

సమాఖ్యల వాదనలోనూ పస ఉంది

ఇక్కడి దాకా చదివితే ప్రమోటర్లు స్వేచ్ఛాయోధులు, సమాఖ్యలు దుర్మార్గులు అన్నట్టు కనిపించొచ్చు. అలా లేదు. 2006లో అమెరికాలోని రీనోలో ఇంటర్నేషనల్ పూల్ టూర్ అనే ప్రైవేటు సర్క్యూట్ అట్టహాసంగా టోర్నీ పెట్టింది. గెలిచిన ఎఫ్రెన్ రేయెస్‌కు 5 లక్షల డాలర్లు అన్నారు. టోర్నీ అయ్యాక డబ్బు లేదన్నారు. 2025 నవంబర్‌లో శ్రీనగర్‌లో జరిగింది ఇంకా తాజా జ్ఞాపకం. క్రిస్ గేల్ లాంటి పేర్లతో మొదలైన ఓ ప్రైవేటు టీ20 లీగ్ నిర్వాహకులు మధ్యలోనే కనిపించకుండా పోయారు. విదేశీ ఆటగాళ్లు, అంపైర్లు హోటల్లో చిక్కుకుపోయారు. ముందస్తు అనుమతి అనే జల్లెడ ఉండాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

చదరంగం ఇంకో సంగతి చెబుతుంది. 1993లో కాస్పరోవ్, షార్ట్ ఫిడేను కాదని ప్రపంచ టైటిల్ పోరును బయట ఆడాక, 2006 దాకా ఆ ఆటకు ఇద్దరు ‘ప్రపంచ విజేత’లు ఉన్నారు. ఆనంద్ 1995లో న్యూయార్క్‌లో కాస్పరోవ్‌తో ఆడింది ఫిడే టైటిల్ కోసం కాదు. ఆ చీలిక ఎవరికీ మేలు చేయలేదు. 2025 ఆరంభంలో ‘ఫ్రీస్టయిల్ చెస్’ నిర్వాహకులు ప్రపంచ చాంపియన్‌షిప్ అనే మాట వాడటంపై ఫిడే అభ్యంతరం చెప్పినప్పుడు పాత గాయమే మళ్లీ రేగింది. గుకేశ్ అదే ఫిబ్రవరిలో వారి టోర్నీలో ఆడారు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి కూడా తర్వాత ఆ సర్క్యూట్‌లో పాల్గొన్నారు. ఎవరి కెరీర్ మీదా వేటు పడకపోవడం చిన్న విషయమేమీ కాదు.

సీసీఐ ఎక్కడ గీత గీసింది?

మూడు పాత కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే కమిషన్ ఆలోచన అర్థమవుతుంది.

హాకీ కేసులో ధన్‌రాజ్ పిళ్లై, మరికొందరు ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. నింబస్, భారత హాకీ సమాఖ్య కలిసి 2012లో నిర్వహించిన వరల్డ్ సిరీస్ హాకీలో ఆడకుండా హాకీ ఇండియా అడ్డుపడుతోందన్నది వారి వాదన. 2013లో సీసీఐ మెజారిటీ నిర్ణయంతో హాకీ ఇండియాను తప్పుపట్టలేదు. ఆట సమగ్రతను కాపాడేందుకు కొన్ని ఆంక్షలు ఉండొచ్చని, అయితే అవి దుర్వినియోగం కాకుండా చూసుకోవాలని చెప్పింది.

బీసీసీఐ కేసులో అదే ఏడాది 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఐపీఎల్‌కు పోటీ వచ్చే మరో టీ20 లీగ్‌ను తాము గుర్తించబోమని బీసీసీఐ తన ప్రసార హక్కుల ఒప్పందంలో రాసిచ్చింది. అది ఆటను కాపాడే నియమం కాదు, వ్యాపారానికి ఇచ్చిన హామీ. అప్పిలేట్ ట్రిబ్యునల్ 2015లో విచారణ పద్ధతిని తప్పుపట్టి ఆ ఉత్తర్వును కొట్టేసింది. సీసీఐ మళ్లీ విచారించి 2017 నవంబర్‌లో అదే మొత్తం విధించింది. తమది లాభాపేక్ష లేని సంస్థ అన్న బీసీసీఐ వాదన నిలవలేదు. టోర్నీ పెట్టి హక్కులు అమ్మితే చట్టం దృష్టిలో అది వ్యాపార సంస్థే.

టేబుల్ టెన్నిస్‌కు అన్నిటికంటే దగ్గరిది చెస్ కేసు. అఖిల భారత చెస్ సమాఖ్య అనుమతి లేని టోర్నీలో ఆడినందుకు కొందరు ఆటగాళ్లను నిషేధించింది. వారి ఈలో రేటింగ్ కూడా పోయింది. 2018 జులైలో సీసీఐ సమాఖ్యకు 6.92 లక్షల రూపాయల జరిమానా వేసింది. డబ్బు కంటే ఆదేశం ముఖ్యం. బయటివారి టోర్నీలకు ఏ ప్రాతిపదికన అనుమతి ఇస్తారో, ఏ పద్ధతిలో ఇస్తారో స్పష్టంగా నిర్దేశించాలని చెప్పింది.

2023 డిసెంబర్ 21న యూరప్ అత్యున్నత న్యాయస్థానం ఐస్ స్కేటింగ్ కేసులోనూ, ఫుట్‌బాల్ సూపర్ లీగ్ కేసులోనూ చెప్పింది కూడా దాదాపు ఇదే. ముందస్తు అనుమతి అడగడం తప్పు కాదు. అందుకు పారదర్శకమైన, వివక్ష లేని ప్రమాణాలు లేకపోవడం, తప్పుకు మించిన శిక్ష వేయడం తప్పు. స్కేటింగ్ సమాఖ్య నిబంధనల్లో జీవితకాల నిషేధం దాకా శిక్షలుండేవి.

సమాఖ్యతో కలిసి నడిస్తే?

ప్రమోటర్లకు రెండో దారీ ఉంది. వీటా దాని, నీరజ్ బజాజ్ 2017లో తెచ్చిన అల్టిమేట్ టేబుల్ టెన్నిస్ టీటీఎఫ్ఐ ఛత్రం కింద నడుస్తోంది. అందుకే హర్మీత్, మానవ్, మన హైదరాబాదీ ఆకుల శ్రీజ నిషేధం భయం లేకుండా అందులో ఆడగలుగుతున్నారు. 2023 డిసెంబర్‌లో లెజెండ్స్ లీగ్ క్రికెట్ ఫైనల్ సూరత్‌లోని లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో జరిగింది. మణిపాల్ టైగర్స్ చేతిలో అర్బన్‌రైజర్స్ హైదరాబాద్ ఓడింది. ప్రైవేటు లీగే, కానీ మైదానం క్రికెట్ సంఘానిది. ఆడినవాళ్లు రిటైరైన ఆటగాళ్లు కాబట్టి బోర్డు లీగుతో పోటీ లేదు. గొడవా లేదు. అంటే సమాఖ్య జేబుకు చిల్లు పడనంతవరకు ‘ఆట సమగ్రత’ పెద్దగా గుర్తుకు రాదన్నమాట.

ఇక సమయం. చెస్ ఫిర్యాదు నమోదైంది 2011లో, ఉత్తర్వు వచ్చింది 2018లో. టేబుల్ టెన్నిస్ ఫిర్యాదు కూడా ఏళ్లు తీసుకుంది. అండర్-15లో ఆడే అమ్మాయికి అంత కాలం అంటే జూనియర్ దశ మొత్తం అయిపోయినట్టే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం ఇందుకోసమే జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేస్తోంది. దానికి సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేదా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి స్థాయి వ్యక్తి నేతృత్వం వహిస్తారు. అప్పీలు సుప్రీంకోర్టుకే వెళ్తుంది. సస్పెన్షన్ నోటీసు అందుకున్న ఆటగాడు వారాల్లో అక్కడ ఊరట పొందగలిగితే, సమాఖ్యల వాట్సాప్ హెచ్చరికలకు ఇప్పుడున్న బలం ఉండదు. మళ్లీ ఏళ్ల తరబడి వాయిదాలే అయితే, సూరత్ బట్టల వ్యాపారి లీగ్ పెట్టినా ఎంట్రీలు రావు.