ఫోనే పలక... గొంతే బలపం!

ఎన్నో తరాల చేత అక్షరాలు దిద్దించిన పలకలకు పుట్టిల్లు మార్కాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే బడి మధ్యలో మానేసినవాళ్లు బతుకుతెరువు కోసం హైదరాబాద్‌, బెంగళూరు, గల్ఫ్‌ బాట పట్టారు. పెద్దయ్యాక, పరాయి ఊళ్లో, పని చేసుకుంటూ ఇంగ్లిష్‌ నేర్చుకోవాలంటే ఎలా? వినాలి. అంతకన్నా ముఖ్యంగా తమ కథ తాము చెప్పుకోవాలి. ఆ రెండు పనులకూ ఉపయోగపడే సాధనం ఇప్పుడు జేబులోనే ఉంది. దాని పేరే పాడ్‌కాస్ట్‌!

వానలు మొహం చాటేసిన ఏడాది పశ్చిమ ప్రకాశంలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి... ఏ బస్టాండులో చూసినా సంచులు, బొంతలు, చంకన పిల్లలు. మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లేవాళ్లు కొందరు. ఇళ్ల పనులకు, అపార్ట్‌మెంట్ల కాపలాకు హైదరాబాద్‌, బెంగళూరు వెళ్లేవాళ్లు మరికొందరు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఒక తరం పెద్దదైపోయింది. 2025 డిసెంబరు ఆఖర్లో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. వలసబాట మాత్రం పాతదే.

మిరపచేలో భాషతో ఇబ్బంది లేదు. బెంగళూరులో దిగితే కన్నడం, హిందీ నాలుగు నెలల్లో చెవిన పడతాయి. ఎటొచ్చీ ఇంగ్లిష్‌తోనే చిక్కు. పనిచోట హెచ్చరిక బోర్డు ఇంగ్లిష్‌లో. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌ ఇంగ్లిష్‌లో. ఆసుపత్రి చీటీ ఇంగ్లిష్‌లో. సంతకం పెట్టమని ముందుకు తోసే కాగితమూ ఇంగ్లిష్‌లోనే. గల్ఫ్‌ సంగతి మరీను. యజమాని అరబ్బు, సూపర్‌వైజరు మలయాళీ, నర్సు ఫిలిప్పీన్స్‌ అమ్మాయి, పక్క మంచం మీద నేపాలీ. వీళ్లందరినీ కలిపేది ముక్కలు ముక్కలుగా మాట్లాడే ఇంగ్లిషే. అక్కడ నోరు పెగలకపోతే పోయేది పరువొక్కటే కాదు. జీతంలో కోత ఎందుకు పడిందో అడగలేరు. ఒంట్లో ఎక్కడ నొప్పో చెప్పలేరు.

పేర్లు వచ్చు... మాటలే రావు

నిజానికి మనవాళ్లకు ఇంగ్లిష్‌ బొత్తిగా రాదనడం తప్పు. ఏ తాపీ మేస్త్రీనైనా కదిలించి చూడండి. సైటు, సెంట్రింగు, పిల్లరు, బీము, స్లాబు, లెవెలు, షిఫ్టు, ఓటీ, అడ్వాన్సు, బ్యాలెన్సు... రోజూ పలికే మాటల్లో బోలెడు ఇంగ్లిషే. వస్తువుల పేర్లన్నీ తెలుసు. తెలియనిది వాటిని కలిపే మాట. ‘బ్యాలెన్సు’ అని తెలుసు. ‘నా బ్యాలెన్సు ఎప్పుడిస్తారు?’ అని అడగడం తెలియదు. ‘షిఫ్టు’ తెలుసు. ‘నిన్న రెండు షిఫ్టులు చేశాను, ఒకటే రాశారు’ అని చెప్పడం తెలియదు.

ఆ నాలుగు కలిపే మాటలు నేర్చుకోవడానికి వ్యాకరణం పుస్తకం ముందేసుకుంటే పని జరగదు. పన్నెండు గంటలు ఇటుకలు మోసి వచ్చినవాడికి పుస్తకం తెరవగానే రెప్పలు వాలతాయి. పైగా చిన్నప్పుడు బడిలో తిన్న దెబ్బలు, పక్కవాళ్ల నవ్వులు గుర్తుకొస్తాయి. నలభై ఏళ్ల మనిషి క్లాసులో కూర్చుని తప్పు చెబితే తల కొట్టేసినట్టుంటుంది. చెవికి అలాంటి బెరుకు లేదు. అన్నం వండుతూ వినొచ్చు. బస్సులో వినొచ్చు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు. ఇంకా రాలేదా అని విసుక్కునేవాళ్లెవరూ ఉండరు.

నెమ్మదిగా మాట్లాడిన రేడియో

చెవి ద్వారా ఇంగ్లిష్‌ నేర్పడం ఈనాటిది కాదు. బీబీసీ రేడియోలో ఇంగ్లిష్‌ పాఠాలు 1943లోనే మొదలయ్యాయి. 1959 అక్టోబరు 19న వాయిస్‌ ఆఫ్‌ అమెరికా ‘స్పెషల్‌ ఇంగ్లిష్‌’ పేరుతో ఓ కొత్త ప్రయోగం చేసింది. వార్తలన్నీ సుమారు 1500 తేలిక మాటల్లోనే చెప్పేవారు. అదీ మామూలు వేగంలో మూడింట రెండొంతుల వేగంతోనే. ఇంగ్లిష్‌ రానివాళ్లకు అడ్డుపడేది మాటల కష్టం ఒక్కటే కాదు, వాటి వేగం కూడా అని వాళ్లు అప్పుడే గ్రహించారన్నమాట.

రేడియోకు టైముంటుంది. ఆ టైముకి మీరు డ్యూటీలో ఉంటే పాఠం పోయినట్టే. ఆ చిక్కును తీర్చింది పాడ్‌కాస్ట్‌. ఐపాడ్‌, బ్రాడ్‌కాస్ట్‌ అన్న రెండు మాటల్ని కలిపి 2004లో బ్రిటన్‌ పాత్రికేయుడు బెన్‌ హామర్‌స్లీ ఈ పేరును మొదట వాడారు. ఆ మరుసటి ఏడాదే ఓ అమెరికన్‌ నిఘంటువు దీన్ని ‘ఈ ఏటి మేటి మాట’గా ఎంచుకుంది. అదే 2005లో లాస్‌ఏంజెలెస్‌లో ‘ఈఎస్‌ఎల్‌ పాడ్‌’ మొదలైంది. బ్యాంకులో ఖాతా తెరవడం, డాక్టరుకు జబ్బు చెప్పుకోవడం, అద్దె ఇల్లు వెతుక్కోవడం... కొత్తగా వచ్చినవాళ్లకు ఎదురయ్యే సందర్భాలనే నెమ్మదిగా, విడమరిచి చెప్పేవారు.

పేదవాడి ఫోనుకు తగ్గ ప్రయోగం మన పొరుగునే జరిగింది. 2009లో బంగ్లాదేశ్‌లో ‘బీబీసీ జానాలా’ మొదలైంది. జానాలా అంటే బెంగాలీలో కిటికీ. మామూలు బటన్ల ఫోను నుంచి 3000 నంబరు నొక్కితే మూడు నిమిషాల ఇంగ్లిష్‌ పాఠం వినిపించేది. ఒక పాఠానికయ్యే ఖర్చు కప్పు టీ ధర కన్నా తక్కువ. స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్‌ లేనివాళ్లు కూడా ఇంగ్లిష్‌ కోసం చెవి ఒగ్గారు.

దూబగుంట చెప్పిన పాఠం

అయితే వింటే సరిపోతుందా? ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌ సినిమాలు చూసినా ఒక్క ముక్క మాట్లాడలేనివాళ్లు ఎందరో! వినడం సగమే. మిగతా సగమేమిటో తెలుసుకోవాలంటే ప్రకాశానికి పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దాకా వెళ్లాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతరు వెలుగులో పలక పట్టారు. వాళ్లు చదివిన పాఠాల్లో ‘సీతమ్మ కథ’ ఒకటి. సారా తాగే మొగుడితో పడరాని పాట్లు పడే ఇల్లాలి కథ అది. చదువుతుంటే అది సీతమ్మ కథ కాదు, తమ కథేనని తోచింది. నోళ్లు తెరుచుకున్నాయి. దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లు చేసిన పని మళ్లీ వాచకంలో పాఠమై ఊరూరికీ చేరింది. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

పెద్దవాళ్ల చదువుకు సంబంధించి ఇంతకన్నా గొప్ప పాఠం ఎక్కడుంది? చిన్నపిల్లలు ‘అల, వల’ అంటూ నేర్చుకుంటారు. పెద్దవాళ్లకు అది చాలదు. తమ బతుకు పాఠంలో కనిపించాలి. చెప్పాల్సిన సంగతి కడుపులో ఉంటే మాట దానంతటదే వెతుక్కుంటూ వస్తుంది.

వినడం నుంచి వినిపించడం దాకా

ఇక్కడే పాడ్‌కాస్ట్‌కు రెండో ముఖం ఉంది. అది వినేవాళ్లకే కాదు, చెప్పేవాళ్లకూ బడి. రెండు నిమిషాలు రికార్డు చేయాలంటే ముందు చెప్పేది ఆలోచించుకోవాలి. రెండు మూడు మాటలు ఎవరినో అడిగి తెలుసుకోవాలి. చెప్పాక విని చూసుకోవాలి. ‘ఇక్కడ తడబడ్డాను’ అనిపిస్తే చెరిపేసి మళ్లీ చెప్పాలి. ఒక్క రెండు నిమిషాల కోసం అవే వాక్యాలు పది పన్నెండుసార్లు పలుకుతారు. బడిలో మాస్టారు బెత్తం పట్టుకుని పలికించినా ఇన్నిసార్లు పలకరు కదా!

సామాన్యులు తమ గొంతు తాము వినిపించిన దాఖలాలు మనకు చాలానే ఉన్నాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జహీరాబాద్‌ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు 2008లో ‘సంఘం రేడియో’ను ప్రారంభించారు. తమ యాసలో, తమ పంటల గురించి, తమ పాటలతో దాన్ని నడిపారు. 2009లో గుర్‌గావ్‌లో వలస కూలీల కోసం ‘గుర్‌గావ్‌ కీ ఆవాజ్‌’ మొదలైంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో వచ్చిన ‘సీజీనెట్‌ స్వర’ మరీ తేలిక. ఫోన్‌ చేసి మీ ఊరి గోడు మీ భాషలో చెబితే చాలు. మిగతావాళ్లూ ఫోన్లోనే వింటారు. స్టేషను అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు.

2016 తర్వాత డేటా చౌకైంది. ఇప్పుడు పల్లెటూరి అవ్వ కూడా బెంగళూరులోని మనవడికి వాట్సాప్‌లో వాయిస్‌ మెసేజ్‌ పెడుతోంది. ఆలోచిస్తే అదీ ఓ బుల్లి పాడ్‌కాస్టే! ఒకరికి పంపేదాన్ని పదిమందికి పంపడం, తెలుగులో చెప్పిందాన్ని చివర్లో నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో చెప్పడం... తేడా అంతే.

ఉదాహరణకి, ‘మై విలేజ్‌ ఈజ్‌ నియర్‌ గిద్దలూర్‌. నో రెయిన్‌, నో వర్క్‌. సో ఐ కేమ్‌ హియర్‌.’ మూడే ముక్కలు. వ్యాకరణం మాస్టారు తప్పులు వెతకొచ్చు. కానీ విన్నవాళ్లకు ఒక మనిషి, ఒక ఊరు, ఒక కరవు కళ్లకు కడతాయి. భాష ఉన్నది అందుకేగా!

అమ్మమ్మలూ వలస పక్షులే

కూలీలే కాదు, మరో రకం వలసదారులూ ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే పురుళ్లకూ పుణ్యాలకూ ఆర్నెల్లు వెళ్లొచ్చే అమ్మమ్మలూ తాతయ్యలూ. భర్త ఉద్యోగం కోసం వెంట వెళ్లిన కోడళ్లు. పగలంతా నాలుగు గోడల మధ్య ఒంటరితనం. తలుపు తట్టిన కొరియర్‌ అబ్బాయితో మాట్లాడాలన్నా దడ. మనవడితో మాట్లాడదామంటే వాడికి తెలుగు సరిగా రాదాయె!

పెద్దవయసు వలసదారులకు ఇంగ్లిష్‌ నేర్పడంలో ఆస్ట్రేలియాది పాత చెయ్యి. 1948లోనే ప్రభుత్వం ఇందుకో పథకం పెట్టింది. అర్హులైనవాళ్లకు పాఠాలు ఉచితం. ఒకప్పుడు ఒక్కొక్కరికి 510 గంటలన్న పరిమితి ఉండేది. 2021లో దాన్ని ఎత్తేశారు. భాష గంటలు లెక్కపెట్టుకుని రాదని ఒప్పుకున్నట్టేగా! అక్కడి ప్రసార సంస్థ ఎస్‌బీఎస్‌ కొత్తగా వచ్చినవాళ్ల కోసం ‘లెర్న్‌ ఇంగ్లిష్‌’ పాడ్‌కాస్ట్‌ ఇస్తోంది. తెలుగులోనూ ఆ సంస్థ కార్యక్రమాలున్నాయి.

అమ్మమ్మ తన చిన్ననాటి కంభం చెరువు కబుర్లు తెలుగులో చెప్పి, చివర్లో మనవడి సాయంతో రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో చెబితే? ఆమెకు ఇంగ్లిష్‌, వాడికి తెలుగు. ఒక్క రికార్డింగుతో రెండు పాఠాలు.

గొంతు విప్పేముందు...

గుర్తుంచుకోవాల్సిన జాగ్రత్తలూ ఉన్నాయి. బయటికెళ్లిన మాట వెనక్కి రాదు. యజమాని పేరు, కంపెనీ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఉండే చోటు చెప్పకూడదు. ఎదుటివాళ్ల అనుమతి లేకుండా వాళ్ల మాటలు రికార్డు చేయడం యూఏఈ లాంటి దేశాల్లో నేరం. అప్పు, జబ్బు, ఇంటి గొడవల వంటివి అయినవాళ్ల గ్రూపు వరకే ఉంచుకోవడం మేలు.

ఇక యాస సంగతి. మన ఇంగ్లిష్‌లో మార్కాపురం వినిపిస్తే సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఐర్లాండువాడి ఇంగ్లిష్‌లో ఐర్లాండు, కేరళవాడి ఇంగ్లిష్‌లో కేరళ వినిపించడం లేదూ? అవతలివాళ్లకు అర్థమైతే చాలు.

ఆ రోజుల్లో పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేవాళ్లం. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఫోన్లో రికార్డింగూ అంతే. ఎన్ని తప్పులైనా చెరిపేయొచ్చు. అప్పట్లో బడి మానేసినవాళ్లకు మరో పలక దొరికినట్టే!

ఇలా మొదలుపెట్టండి

* రోజుకు పది నిమిషాలు వినండి. బీబీసీ ‘సిక్స్‌ మినిట్‌ ఇంగ్లిష్‌’ లాంటివి ఉచితం. చదవడం వస్తే దాంతోపాటు ఇచ్చే రాతప్రతి చూస్తూ వినండి. వేగం ఎక్కువనిపిస్తే ఫోన్లోనే తగ్గించుకోవచ్చు.

* విన్న వాక్యాన్ని ఆపి, వెంటనే పైకి అనండి. మనసులో అనుకుంటే నోరు తిరగదు.

* అన్నిటికన్నా ముందు ఈ రెండూ నేర్చుకోండి... ‘ఐ డోంట్‌ అండర్‌స్టాండ్‌. ప్లీజ్‌ సే ఇట్‌ ఎగైన్‌, స్లోలీ.’ అర్థం కాకపోయినా తలూపి సంతకం పెట్టే ప్రమాదం తప్పుతుంది.

* వారానికోసారి రెండు నిమిషాలు రికార్డు చేయండి. ఈ వారం చేసిన పని, వండిన కూర, ఎదురైన ఇబ్బంది... ఏదైనా సరే. తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లిష్‌లో ముగించండి.

* మైకు కొనక్కర్లేదు. ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే చాలు.

* మొదట అయిదారుగురు స్నేహితుల వాట్సాప్‌ గ్రూపులో వినిపించండి. ధైర్యం వచ్చాక యూట్యూబ్‌, స్పాటిఫై ఉండనే ఉన్నాయి.

* గ్రూపులో ఒక్కటే నియమం... ఎవరూ ఎవర్నీ చూసి నవ్వకూడదు!