ఫిల్టర్ డికాషన్‌తో తిరమిసు.. నేర్చుకుంటే కొలువు

నెల్లూరు మిఠాయి అనగానే మలైకాజా గుర్తొస్తుంది. ఇటలీ మిఠాయి అంటే? ఎక్కువమంది చెప్పేది తిరమిసు పేరే. స్టార్ హోటళ్లలో, కెఫేల్లో పేస్ట్రీ విభాగంలో చేరాలనుకునే వాళ్లకు ఆ పేరు తెలిస్తే చాలదు. ట్రేడ్ టెస్ట్‌లో చేతికి తక్కెడిచ్చి చేసి చూపించమంటారు. అందుకే లక్షలు పోసి కోర్సులో చేరే ముందు ఒక మంచి వంటల పుస్తకం పట్టుకుని మీ ఇంట్లోనే చేసి చూడండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో రెండు నెలల్లో తేలిపోతుంది.

ఏ పుస్తకం? ఇటలీ ఇళ్లలో పెద్దబాలశిక్షలాంటిది పెల్లెగ్రీనో అర్తూజి రాసింది. ఆయన షెఫ్ కాదు, వ్యాపారి. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోతే 1891లో, 71 ఏళ్ల వయసులో, సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నారు. 475 వంటకాలతో మొదలైన పుస్తకం తర్వాతి ముద్రణల్లో 790కి పెరిగింది. ఇంగ్లిష్ అనువాదం దొరుకుతుంది. తమాషా ఏంటంటే, అందులో తిరమిసు లేదు! అది 1970ల నుంచి పేరొచ్చిన వంటకం. మాదంటే మాదని ఇటలీలోనే రెండు ప్రాంతాలు ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. ఇంటర్వ్యూలో ‘సంప్రదాయ వంటకం’ అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మొదట తిరమిసు జోలికి పోకుండా తోర్తా ది రీజో చేయండి. పేరు పెద్దదే కానీ అది బియ్యం కేకు, మన పరమాన్నానికి దగ్గరి చుట్టం. లీటరు పాలకు 200 గ్రాముల బియ్యం. ఇటలీవాళ్లు జిగురున్న పొట్టి బియ్యం వాడతారు. మన సన్నాల్లో పాతవైతే పొడిపొడిగా ఉంటాయి, కేకు నిలవదు. పొంగలికి వాడినట్టు కొత్త బియ్యమే తీసుకోండి. పాలల్లో మెత్తగా ఉడికాక పూర్తిగా చల్లార్చి, తర్వాతే గుడ్లు కలపాలి. వేడి మీద కలిపితే గుడ్డు విరిగిపోతుంది. నిమ్మతొక్కు తురిమేటప్పుడు పైపొర మాత్రమే రావాలి. గూడూరు నిమ్మకాయ తొక్క పల్చన, కాస్త లోపలికి గీసినా చేదే. పంచదార పాకంలో ఊరబెట్టిన సిట్రన్ తొక్క అడుగుతారు, దాని బదులు దబ్బకాయ తొక్క వాడుకోవచ్చు.

ఇక తిరమిసు. దీనికి ప్రాణం మస్కర్పోనె. బయట కొంటే ఖరీదు. అర లీటరు క్రీమును వేడినీళ్ల గిన్నె మీద పెట్టి 85 డిగ్రీలకు తెచ్చి, ఒక పెద్ద చెంచా నిమ్మరసం వేసి అయిదు నిమిషాలుంచండి. చల్లారాక పల్చటి గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టండి. క్రీములో వెన్న శాతం ఎంత ఎక్కువుంటే అంత గట్టిగా వస్తుంది. ఎస్ప్రెస్సో మెషీన్ లేదా? మన ఇత్తడి ఫిల్టర్ డికాషన్ చాలు. చికోరీ కలవని పొడి మాత్రమే వాడండి, లేకపోతే రుచి దారి తప్పుతుంది. పుస్తకాల్లో పచ్చిసొన వేయమంటారు. మన ఎండలకు అది ప్రమాదం. సొన, పంచదార కలిపి ఆవిరి మీద 71 డిగ్రీలు దాటేదాకా గిలకొట్టండి. దీనికి థర్మామీటర్ కొనాల్సిందే, ఇందులో పిసినారితనం వద్దు.

గుడ్లతో చేసే సవోయార్ది బిస్కెట్లకు మన తీరంలో పెద్ద శత్రువు గాలిలో తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మైపాడు, కావలి వైపు ఉండేవాళ్లకు ఇది మరీ అనుభవం. కాల్చాక తక్కువ వేడి మీద మళ్లీ ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి.

నాలుగు వారాలు చేశాక చుట్టుపక్కలవాళ్లు ఆర్డర్లు అడుగుతారు. ఇక్కడే నిజాయతీ పరీక్ష. వెజిటబుల్ క్రీము కొట్టి ‘ఒరిజినల్ ఇటాలియన్’ అని అమ్మేవాళ్లున్నారు. మీరలా చేయకండి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, 14 అంకెల నంబరు ఇస్తారు. ప్యాకెట్ మీద గుడ్డున్న వంటకానికి ఆకుపచ్చ చుక్క పెట్టకూడదు. జెలటిన్‌కూ అంతే, అది జంతువుల నుంచి తీసేది.

పని నచ్చిందనిపిస్తే అప్పుడు కోర్సుల వైపు చూడండి. పది పాసైనవాళ్లకు ఐటీఐలో బేకర్ అండ్ కన్‌ఫెక్షనర్ ట్రేడ్ ఏడాది ఉంటుంది. ఇంటర్ తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయాలి. చేరేముందు ఆ కాలేజీ కిచెన్‌కి వెళ్లి ఒవెన్లు ఎన్ని, ఒక్కో ఒవెన్‌కు ఎంతమంది విద్యార్థులో లెక్కపెట్టండి. బ్రోచర్‌లో ఇది ఉండదు.

ఈలోగా మే నెలలో ఎవరైనా పన్నకోటా ఆర్డరిస్తే? జెలటిన్‌తో చేసింది 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. డెలివరీ చేరేసరికి పాయసమే. కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని దొరికే అగర్ అగర్‌తో చేస్తే ఎండలోనూ నిలబడుతుంది. రెండు నిమిషాలు బాగా మరిగించాలి. అయితే జెలటిన్‌లా నోట్లో కరగదు, కాస్త పెళుసుగా తునుగుతుంది. ఆ తేడా ఆర్డరిచ్చినవాళ్లకు ముందే చెప్పేయండి.