మంచుమీద మోటారుబండి: పెద్ద టైరు ఎందుకు?

ఐస్లాండు భూభాగములో సుమారు పదవ వంతు హిమానీనదములతో కప్పబడియున్నది. శీతకాలములో వానిపై మెత్తని మంచు దట్టముగా పేరుకొనును. మనిషి అడుగు వేసిన మోకాలివరకు దిగబడు అట్టి మంచుమీద, రెండు టన్నులకు మించిన మోటారుబండ్లు సాగిపోవుచుండును. దారితప్పిన ప్రయాణికులను వెదకుటకు అచటి రక్షక దళములవారు ఈ బండ్లనే వాడుదురు. 2010 నవంబరు 22న భారత శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలోని మైత్రి స్థావరమునుండి దక్షిణ ధ్రువమును చేరినది కూడ ఐస్లాండువారు ఇట్లు మార్చిన బండ్లలోనే. నాలుగు చక్రములకును ఇంజను బలము అందుట వీని మొదటి లక్షణము. రెండవది ఎత్తు చేసిన దేహము. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పెద్ద టైరు.

దేహమును ఎత్తు చేసినంతమాత్రమున బండి రాళ్ళను దాటగలదని పలువురు తలంతురు. ఇది పూర్తిగా నిజము కాదు. స్ప్రింగుల క్రింద దిమ్మెలు పెట్టి దేహమును ఎంత లేపినను, వెనుక ఇరుసు ఉన్నచోటనే యుండును. ఇరుసు ఎత్తును నిర్ణయించునది చక్రపు వ్యాసార్థమే. దేహమును లేపుట ముఖ్యముగా, పెద్ద టైరు మడ్‌గార్డునకు రాచుకొనకుండ చోటు కల్పించుటకే.

టైరు ప్రక్కన నున్న అంకెలను చదువుట నేర్చినచో లెక్క సులభమగును. ఇట్టి ఒక బండికి కర్మాగారములో అమర్చు టైరుపై '265/65 ఆర్ 17' అని యుండుననుకొందము. వెడల్పు 265 మి.మీ.; గోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు, అనగా 172 మి.మీ.; రిము వ్యాసము 17 అంగుళములు, అనగా 432 మి.మీ. రిమునకు పైనను క్రిందను గోడ యుండును గనుక మొత్తము వ్యాసము సుమారు 776 మి.మీ. దీనికి బదులు 38 అంగుళముల టైరు వేసినచో వ్యాసము 965 మి.మీ. అగును. వ్యాసములోని తేడాలో సగము, అనగా సుమారు 9½ సెం.మీ., ఇరుసు పైకి లేచును.

రాతినేలపై ఈ లాభము చాలును. మంచుమీద పనిచేయు సూత్రము వేరు. బండి బరువు 2,400 కి.గ్రా. అయినచో ఒక్కొక్క టైరుపై 600 కి.గ్రా. పడును. టైరులోని గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు 2.1 కి.గ్రా. అయినచో, అనగా చదరపు అంగుళమునకు 30 పౌనులైనచో, నేలను తాకు భాగము 600ను 2.1తో భాగించగా వచ్చు సుమారు 286 చ.సెం.మీ. గాలిని పదవ వంతునకు, అనగా 3 పౌనులకు తగ్గించినచో, అదే బరువును మోయుటకు సుమారు 2,860 చ.సెం.మీ. కావలెను. టైరు గోడల బిగువు కొంత బరువును మోయును గనుక నిజముగా కావలసినది కొంత తక్కువయే. అప్పుడు మంచుపై పడు పీడనము, నడచు మనిషి పాదము కలిగించు పీడనముకంటె తక్కువ! మనిషి దిగబడినచోట బండి దిగబడకుండుటకు కారణమిదే.

మామూలు టైరులో గాలి ఇంత తగ్గించిన చాలదా? చాలదు. 26½ సెం.మీ. వెడల్పు గల టైరు 2,860 చ.సెం.మీ. తాకుటకు 108 సెం.మీ. పొడవు కావలెను. దాని వ్యాసమే 78 సెం.మీ.! అంతకు ముందే రిము నేలను కొట్టుకొనును. 38 అంగుళముల టైరు వెడల్పు సుమారు 39 సెం.మీ.; దానికి 73 సెం.మీ. పొడవు చాలును. దాని ఎత్తైన గోడ అంతగా నలగగలదు. కనుక పెద్ద టైరు అలంకారము కాదు. తక్కువ పీడనముతో ఎక్కువ బరువును మోయు గాలి సంచి.

అయితే ప్రకృతి ఏదియు ఉచితముగా ఇయ్యదు. వ్యాసము 1.24 రెట్లు పెరుగుటచే, వేగమాపకము గంటకు 80 కిలోమీటర్లు చూపునపుడు బండి నిజముగా 99 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. నేలను నెట్టు బలము కూడ 1.24 రెట్లు తగ్గును; దానిని పూరించుటకు ఇరుసులోని పళ్ళచక్రముల నిష్పత్తిని, ఉదాహరణకు 3.9 నుండి 4.85కు, మార్చవలెను. బ్రేకుల సంగతి మరింత గంభీరము. కాలితో అంతే నొక్కినను, నేలవద్ద ఆపు బలము నూటికి సుమారు 20 వంతులు తగ్గును. అదనపు బరువు, గిరగిర తిరుగు పెద్ద చక్రపు జడత్వము దీనికి తోడగును. గరిమనాభి పైకి జరుగుటచే మలుపులో బండి బోల్తాపడు ప్రమాదము హెచ్చును. అందుచేతనే ఐస్లాండు పనివారు చక్రముల నడిమి దూరమును కూడ పెంచుదురు. గాలి తక్కువైనపుడు టైరు రిమునుండి జారకుండ బిగింపులు అమర్చుదురు. గట్టి రోడ్డు చేరగనే గాలి నింపుదురు. లేనిచో గోడలు మాటిమాటికి నలిగి, వేడెక్కి, టైరు చెడిపోవును.

కాబట్టి టైరును ఎన్నుకొనువాడు ముందుగా అడుగవలసినది 'ఎంత పెద్దది?' అని కాదు, 'ఏ నేలమీద?' అని. లోతైన మంచులోను ఇసుకలోను పెద్ద టైరు మేలు. అడుగున గట్టినేల గల పలుచని బురదలో సన్నని టైరే బురదను చీల్చి పట్టు దొరకించుకొనును. తారురోడ్డుపై కర్మాగారపు టైరే క్షేమము. మనదేశములో మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని తయారీ వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టపరచినది.

ఈ సూత్రమును విద్యార్థులు తమ సైకిలుతోనే పరీక్షింపవచ్చును. వెనుక టైరునకు గాలి నిండుగా కొట్టి, తడి ఇసుకపై నిలిపి, దాని అచ్చు పొడవు వెడల్పులను కొలువవలెను. పిమ్మట కొంత గాలి తీసి, అదే మనిషి ఎక్కి, మరల కొలువవలెను. రెండవ అచ్చు పెద్దదిగను, లోతు తక్కువగను ఉండుట గమనింపవచ్చును. ధ్రువమునకు పోయిన బండి రహస్యమంతయు ఆ రెండు అచ్చులలోనే కలదు.