హస్తవాసి ఒక్కటే చాలదు

ఒక వైద్యుణ్ణి మెచ్చుకోవాలంటే తెలుగులో "ఆయన హస్తవాసి మంచిది" అంటారు. మన ఇళ్ళల్లో ఇదే మాట "ఉన్‌కే హాథ్ మే షిఫా హై" అని వినిపిస్తుంది. రెండు భాషల్లోనూ గౌరవం దక్కింది చేతికే. చదువుకు గానీ, మందుకు గానీ, ఖరీదైన యంత్రానికి గానీ కాదు. నొప్పితో మూలిగే మనిషికి ముందుగా కావలసింది తన మీద పడే ఒక చల్లని చెయ్యి అని మన పెద్దలకు బాగా తెలుసు.

తిరువూరు చుట్టుపక్కల ఈ చేతుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఇది మామిడి తోటల ప్రాంతం. వేసవి వచ్చిందంటే చిక్కం పట్టుకుని కొమ్మ కొమ్మకూ ఎక్కేవారు, కాయల పెట్టెలు మోసేవారు, లారీలకు లోడు ఎత్తేవారు, తాటిచెట్లు ఎక్కేవారు అందరూ ఒళ్ళు పణంగా పెట్టి పని చేస్తారు. కాలు జారితే ఎముక విరుగుతుంది. బరువు ఎత్తితే నడుము పట్టేస్తుంది. జగదల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది కనుక బండి ప్రమాదాలకూ కొదవ లేదు.

ఇలాంటప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మా చిన్నతనంలో ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. విరిగితే కట్టు కట్టేవారి దగ్గరికి. బెణికితే కుస్తీలు పట్టి మానేసిన పహిల్వాన్ దగ్గరికి. బాలింతకూ పసిబిడ్డకూ నూనె మర్దన చెయ్యడానికి దాయీ ఉండనే ఉంది. నడుము పట్టేస్తే మాత్రం ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎవరున్నారా అని వీధి వీధీ వెతికేవారు. వాళ్ళు కాలితో నడుము మీద మెల్లగా తంతే పట్టు వదులుతుందని నమ్మకం. మా వాడలో అలా పుట్టిన కుర్రవాడు ఒకడు ఉండేవాడు. పెద్దవాళ్ళను తన్నే అవకాశం ఊరికే ఎవరికి దొరుకుతుంది? వాడు పిలిచిన వెంటనే పరుగెత్తుకు వెళ్ళేవాడు!

ఈ వైద్యాలను ఎగతాళి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఊళ్ళో డాక్టరు లేని రోజుల్లో, బెజవాడ వెళ్ళడానికి బస్సు ఛార్జీ కూడా అప్పు చెయ్యవలసిన ఇళ్ళల్లో, ఆదుకున్న చేతులు ఇవే. చాలామంది డబ్బు పుచ్చుకునేవారు కాదు. నాలుగు కోడిగుడ్లు, కాస్త నూనె తెచ్చుకుంటే చాలు. కానీ ఈ విషయం రాయడానికి కూర్చున్నప్పుడు నాకు సంబంధించిన ఒక సంగతి దాచి మిగతాది చెప్పడం న్యాయం కాదు.

1996 వేసవిలో మా ఆపా కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, మామిడిచెట్టు మీద నుంచి పడ్డాడు. కుడి మోచేతి దగ్గర ఎముక విరిగింది. మా బావగారు లారీ మీద వేరే రాష్ట్రంలో ఉన్నారు. అప్పుడే మదర్సా చదువు ముగించి వచ్చిన నేనే ఇంటికి పెద్ద. పట్నం తీసుకెళ్దామని ఆపా అంది. నేను వద్దన్నాను. ఆపరేషను చేసి ఇనుప కడ్డీలు పెడతారని, చెయ్యి ఎందుకూ పనికిరాకుండా పోతుందని ఎవరో చెప్పిన మాటలు పట్టుకుని, పక్క ఊళ్ళో కట్టు కట్టే ఒక పెద్దమనిషి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు. బిస్మిల్లా అనమని పిల్లవాడికి చెప్పి, ఆకు పసరు వేసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో గట్టిగా బిగించి కట్టాడు. పైసా తీసుకోలేదు.

ఆ రాత్రంతా పిల్లవాడు ఏడ్చాడు. విరిగిన చెయ్యి నొప్పి పుట్టక ఏం చేస్తుందని మేము సర్దిచెప్పుకున్నాం. తెల్లవారేసరికి వేళ్ళు చల్లబడ్డాయి. ముట్టుకుంటే తెలియడం లేదన్నాడు. నేను దుఆ చదివి ఊదాను. కట్టు విప్పమని ఆపా అడిగింది. విప్పితే ఎముక కదిలిపోతుందని నేను ఒప్పుకోలేదు. మూడో రోజు బెజవాడ తీసుకెళ్తే డాక్టరు కట్టు కోసి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎముక అతికింది. వేళ్ళు మాత్రం గోళ్ళలా లోపలికి ముడుచుకుపోయాయి. ఈనాటికీ అలాగే ఉన్నాయి.

ఎందుకిలా జరిగిందో ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు తెలుసుకున్నాను. ఎముక విరిగినచోట వాపు వస్తుంది. చుట్టూ గట్టి కట్టు ఉంటే ఆ వాపుకు బయటికి చోటు దొరకక లోపలి కండనూ నరాలనూ నొక్కేస్తుంది. రక్తం అందకపోతే ఆరు గంటలు గడిచేసరికే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండ పీచులా కుంచించుకుపోయి వేళ్ళను లాగేస్తుంది. జర్మనీకి చెందిన ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు 1881లోనే దీన్ని వివరించి, బిగుతు కట్టే దీనికి కారణమని హెచ్చరించాడు. నాటు కట్టుకే కాదు, ఆసుపత్రిలో వేసే పిండికట్టు బిగిసినా ఇదే ప్రమాదం ఉంది. తేడా ఒక్కటే. చదువుకున్నవాడు మర్నాడు వేళ్ళు కదిపి చూస్తాడు, అనుమానం వస్తే కట్టు చీల్చేస్తాడు.

కాకతాళీయం అనిపించే సంగతి మరొకటి ఉంది. మన రాష్ట్రంలో అన్నిటికన్నా పేరున్న పుత్తూరు కట్టు కూడా 1881 ప్రాంతంలోనే మొదలైందని చెబుతారు. పాత చిత్తూరు జిల్లా పుత్తూరు దగ్గర రాచపాళెంలో కేశవరాజు అనే ఆయన దీన్ని ప్రారంభించారట. మూలికల పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, ఇవే సరంజామా. ఆ వంశంవారు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వచ్చి చేరుతుంటారు. ఆ పేరు బోర్డు ఎన్ని ఊళ్ళల్లో వెలిసిందో లెక్కలేదు. బోర్డు రాయించినంత తేలికగా తరతరాల అనుభవం వస్తుందా అన్నది ఎవరూ అడగరు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఎముకకు తనంతట తాను అతుక్కునే గుణాన్ని అల్లాహ్ ఇచ్చాడు. కదలకుండా తిన్నగా ఉంచితే పిల్లల చెయ్యి మూడు నాలుగు వారాల్లోనే అతుక్కుంటుంది. అందువల్ల చాలా కట్లు ఫలిస్తాయి, కట్టినవారికి పేరు వస్తుంది. ఫలించనివారు మాత్రం ఇంట్లోనే ఉండిపోతారు.

ధర్మం ఈ విషయంలో ఏమంటున్నదో నేను మదర్సాలో చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. వైద్యంలో పేరూ ప్రవేశమూ లేకుండా ఎవరైనా వైద్యం చేస్తే జరిగిన హానికి అతనే జామిన్ అన్న భావం గల హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్ను మాజా సంకలనాల్లో ఉంది. జామిన్ అంటే బాధ్యత వహించవలసినవాడు. మన కోర్టుల్లో వినిపించే జామీను ఆ మాటకు చుట్టమే. దాన్ని చదువుకున్నవాణ్ణి, అవసరం వచ్చినప్పుడు మాత్రం గుర్తు చేసుకోలేకపోయాను.

ఎముకల వైద్యాన్ని చదువుగా నిలబెట్టినవారిలో మన పూర్వీకులు ముందున్నారన్న సంగతి కూడా ఇక్కడ గమనార్హం. స్పెయిన్‌లోని కుర్తుబా దగ్గర పుట్టి 1013 ప్రాంతంలో కన్నుమూసిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ 30 భాగాల 'అత్తస్రీఫ్' రాశారు. దాని చివరి భాగం మొత్తం శస్త్రవైద్యమే. అందులో విరిగిన ఎముకలకూ తప్పిన కీళ్ళకూ ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. పరికరాల బొమ్మలు కూడా గీశారు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్ళి, కొన్ని వందల ఏళ్ళు యూరప్ వైద్యులకు పాఠ్యగ్రంథం అయింది. ఇబ్ను సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో వాపు తగ్గే దాకా కొన్ని రోజులు ఆగి బద్దలు కట్టడం మంచిదని సూచించారు. ఆ పుస్తకం పేరు నాకు కంఠతా వచ్చు. 1996లో ఆ ఒక్క సలహా తెలిసి ఉంటే బాగుండేది.

సంప్రదాయ చేతులకూ చదువుకూ విరోధం ఉండనక్కర్లేదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఇవాన్ థామస్ అని ఎముకలు సరిచేసే నాటు వైద్యుడు ఉండేవాడు. పెద్దల నుంచి వచ్చిన విద్య. డాక్టర్లు ఆయన్ను పలుమార్లు కోర్టుకు ఈడ్చారు. ఆయన కోపగించుకుని కూర్చోలేదు, తన ఐదుగురు కొడుకులనూ డాక్టరీ చదివించాడు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) తొడ ఎముక విరిగితే కదలకుండా పట్టి ఉంచే ఒక ఇనుప చట్రం తయారు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని సైనికులకు వాడించాడు. తొడ ఎముక విరిగినవారిలో అంతకుముందు నూటికి 80 మంది దాకా చనిపోయేవారు. అది దాదాపు 20కి పడిపోయింది. 'థామస్ స్ప్లింట్' పేరుతో ఆ చట్రం ఈనాటికీ మన ఆసుపత్రుల్లో ఉంది. కట్టు కట్టే మన కుటుంబాల పిల్లలు ఇలా చదువుకుంటే ఎంత బాగుంటుంది!

ఇక మర్దన సంగతి. యునానీలో 'ఇలాజ్ బిత్ తద్బీర్' అనే విభాగం ఉంది. మందు మింగించకుండా మర్దన, స్నానం, వ్యాయామం, కప్పింగ్ వంటివాటితో చేసే చికిత్స అది. మర్దనను 'దల్క్' అంటారు. గట్టిగా రుద్దితే ఒళ్ళు బిగుస్తుందని, మెత్తగా రుద్దితే వదులవుతుందని, వ్యాయామానికి ముందు ఒకరకం, తర్వాత ఒకరకం చెయ్యాలని గ్రంథాల్లో వివరంగా ఉంది. అంటే నూనె చేతికి పూసుకున్న ప్రతివాడూ మర్దన తెలిసినవాడు కాదన్నమాట. హైదరాబాదులో చార్మినార్ పక్కనున్న నిజామియా కళాశాల, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ కళాశాల యునానీని చదువుగా నేర్పుతున్నాయి. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఈ మర్దన విద్యతోనే 1814లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, ఇద్దరు రాజులకు వైద్యుడనిపించుకున్నారు. మన 'చంపీ'యే అక్కడ 'షాంపూ' అయింది.

మంగలి షాపుల్లో తలమర్దన చేసి ఆఖరున మెడను చటుక్కున విరవడం మాత్రం వెంటనే ఆపవలసిన అలవాటు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడ ఎముకల్లోంచి పోతాయి. మెలి తిప్పితే లోపలి పొర చీలి పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాదులో బ్యూటీపార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకున్న 50 ఏళ్ళ మహిళకు పక్షవాతం లక్షణాలు వచ్చిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ టక్కుమనే శబ్దం హాయిగా ఉంటుందని నాకూ తెలుసు. మానేశాను.

షుగరు ఉన్నవారికి భుజం బిగుసుకుపోవడం మామూలే. రెండేళ్ళ క్రితం నాకూ పట్టుకుంది. చొక్కా తొడుక్కోవడం, నమాజుకు చేతులెత్తడం గండమైంది. నెలరోజులు తైలాలు రాసి, ఆఖరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ పొందినవారు వీరు. వీరి వృత్తి కూడా పరిధిలోకి వచ్చేలా 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. నేను వెళ్ళగానే రుద్దుతారనుకున్నాను. ముందు ఎంతసేపో ప్రశ్నలడిగారు, షుగరు రిపోర్టు చూశారు. మర్దన కన్నా ఇంట్లో గోడ మీద వేళ్ళు నడిపించే వ్యాయామమే ఎక్కువ చేయించారు. కుదుటపడడానికి ఏడు నెలలు పట్టింది.

మన ఆడవాళ్ళ కష్టం వేరు. పరాయి మగవాడి చేత మోకాలు పట్టించుకోవడం ఎలాగని బాధను దాచుకుంటారు. స్త్రీ వైద్యురాలు దొరకని అవసరంలో, అవసరమైన మేరకు మగ వైద్యుడు చూడవచ్చునని మన ఫుకహా ఎప్పుడో తేల్చారు. ఈ రోజుల్లో ఆ అవసరం కూడా చాలావరకు తీరింది. ఈ చదువులో అమ్మాయిలు బాగా ఉన్నారు. మన ఆడపిల్లలు కూడా వస్తున్నారు. ఇంటర్ బైపీసీ చదివే కూతురున్న తల్లిదండ్రులు ఈ కోర్సు గురించి ఒకసారి వాకబు చెయ్యాలి.

మా ఆపాకు ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా కుర్చీలోనే నమాజు. మొన్న చలికాలం నుంచి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికి వస్తోంది. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందట. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలును అదిమి పట్టి పది లెక్కపెట్టాలి. లెక్కపెట్టేది మా మేనల్లుడు. సెల్‌ఫోన్ షాపు మూసి మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఎడమ చేతి వేళ్ళు మడుస్తూ లెక్క చెబుతాడు. ఇన్నేళ్ళలో వాడు గానీ ఆపా గానీ ఆనాటి మాట ఒక్కసారి కూడా నా దగ్గర ఎత్తలేదు.

పోయిన వారం ఆ అమ్మాయి వాడి కుడి చెయ్యి చూసింది. తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా చాపి చూసింది.

"చిన్నప్పుడు కట్టు బిగిసిందా అన్నా?" అని అడిగింది.

వాడు నవ్వి నా వైపు చూడకుండా ఏదో చెప్పబోయాడు.

"నేనే తీసుకెళ్ళానమ్మా" అన్నాను.