సంగటికంటే ముందు ఉలవలు

కోలారు జిల్లాలో తెలుగు పిల్లవాణ్ని పిలిచి 'మన పాతకాలం తిండి ఏదిరా?' అని అడగండి. తడుముకోకుండా 'రాగి సంగటి' అంటాడు. పక్కింటి కన్నడ పిల్లవాడు 'రాగి ముద్దె' అంటాడు. ఇద్దరిదీ ఒకటే జవాబు. మన కాళ్ల కింది మట్టి మాత్రం ఇంకో జవాబు చెబుతోంది. రాగి మనకు చుట్టమై వచ్చి ఇంటి మనిషైన ధాన్యం. అంతకు ముందునుంచే ఈ నేలమీద ఉన్నవి ఉలవలు, పెసలు, ఇప్పుడు చాలామంది పేరు కూడా మరిచిపోయిన అండుకొర్రలు.

ఈ మాట ఎవరో ఊహించి చెప్పింది కాదు. నాలుగు వేల ఏళ్ల కిందటి పొయ్యిలో మాడిపోయిన గింజలు చెప్పిన సాక్ష్యం. పచ్చి గింజ మట్టిలో పడితే మొలకెత్తుతుంది, లేదా పురుగు తింటుంది, కుళ్లిపోతుంది. వండేటప్పుడో వేయించేటప్పుడో జారి నిప్పులో పడి బొగ్గైన గింజకు ఆ బాధ లేదు. బొగ్గును ఏ క్రిమీ తినదు. వేల ఏళ్లయినా ఆకారం చెడకుండా పొరలో ఉండిపోతుంది. ఆనాటి ఇల్లాలు 'అయ్యో, మాడిపోయిందే' అనుకున్నదే ఈనాటి శాస్త్రవేత్తకు పెన్నిధి అయింది.

దాన్ని బయటికి తీసే పద్ధతి కూడా చాలా సులువు. తవ్వకంలో ఒక్కో పొర మట్టిని విడివిడిగా తీసి నీళ్లలో కలుపుతారు. మన్ను, రాయి అడుక్కి పోతాయి. తేలికైన బొగ్గు ముక్కలు, మాడిన గింజలు పైకి తేలుతాయి. సన్నటి జల్లెడలో వడగట్టి, నీడలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ చూసి నేటి గింజలతో పోలుస్తారు. గింజ ఏ కాలానిదో తెలుసుకోవడానికి రేడియో కార్బన్ పరీక్ష ఉంది. ఇప్పుడు ఒక్క గింజతోనే ఆ పరీక్ష చేయగలుగుతున్నారు.

బళ్లారి దగ్గరి సంగనకల్లు, హావేరి జిల్లాలోని హళ్లూరు మొదలుకొని కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల్లోని నవీన శిలాయుగపు ఊళ్ల దాకా ఇలాగే మట్టిని కడిగి చూశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డోరియన్ ఫుల్లర్, ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యులు రవి కోరిశెట్టర్, రాయలసీమలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన పి.సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ కలిసి 2004లో ఆ ఫలితాలు ప్రకటించారు. దాదాపు ఎక్కడ చూసినా అవే నాలుగు: ఉలవ, పెసర, అండుకొర్ర, కొర్ర జాతికే చెందిన మరో చిరుధాన్యపు గడ్డి. గోధుమ, యవలు అక్కడక్కడా కొద్దిగా కనిపించాయి. అంటే దక్కన్ రైతు ఉత్తరాదినుంచి విత్తనాలు వచ్చేదాకా కాచుకొని కూర్చోలేదు. చుట్టూ ఉన్న ముళ్లపొదల నేలలో, కనుమల అంచు అడవుల్లో పెరిగే మొక్కలనుంచే తన పంటను తయారు చేసుకున్నాడు. అప్పటి పెసర గింజ నేటిదానికంటే చిన్నది. తరతరాలుగా విత్తి, కోసి, ఎంచుకొని విత్తితేనే ఈ పరిమాణానికి వచ్చింది.

మరి రాగి? దాని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలు. 1960లలో హళ్లూరులోను, కోలారు సరిహద్దు దాటితే తమిళనాడులో తిరుపత్తూరు దగ్గరుండే పయ్యంపల్లిలోను జరిపిన తవ్వకాల్లో రాగి దొరికిందని రాశారు. పయ్యంపల్లిలో రాగితో పాటు ఉలవ, పెసర కూడా చెప్పారు. తర్వాత ఫుల్లర్ ఇలాంటి పాత నివేదికలన్నిటినీ మళ్లీ పరిశీలించి, రాగి అన్నవాటిలో చాలావరకు పొట్టుతో ఉన్న వేరే చిరుధాన్యాలేనని తేల్చారు. మాడిన చిన్న గింజలు చూపుకు ఒకేలా ఉంటాయి మరి. పాఠ్యపుస్తకాల్లో, ఉపన్యాసాల్లో 'నాలుగు వేల ఏళ్లుగా రాగి' అని ఇప్పటికీ వినిపిస్తూంటుంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఇందులో సంగటికి వచ్చిన చిన్నతనమేమీ లేదు. మిరపకాయ అమెరికానుంచి వచ్చిందని మనం కారం మానేశామా?

పేరులోనూ ఆనవాలు

మన పిల్లలకు మాత్రమే ఉన్న ఒక సౌకర్యం ఇక్కడ పనికొస్తుంది. కేజీఎఫ్‌లో పెరిగే పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కార్యాలయంలో కన్నడం వింటాడు. మనం 'పెసలు' అంటాం, కన్నడంలో 'హెసరు', తమిళంలో 'పయరు'. మూడూ ఒకే మూలంనుంచి వచ్చిన మాటలు. కన్నడంలో పాత 'ప' కాలక్రమాన 'హ' అయింది. మన 'పాలు' అక్కడ 'హాలు' అయినట్టే. మూడు భాషలు విడిపోకముందే ఆ పప్పుకు ఒక పేరు ఉందన్నమాట. ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్ వంటి భాషావేత్తలు ఇలాంటి మాటలనూ తవ్వకాల్లో దొరికిన గింజలనూ పక్కపక్కన పెట్టి చూశారు. తెలుగు మాధ్యమం బడిలో ఇది సైన్సు పాఠమూ అవుతుంది, భాషా పాఠమూ అవుతుంది.

తిండి సంగతి ఇలా ఉంటే, వాతావరణం సంగతి ఆకులు చెబుతాయి. ఆకుమీది మైనపు పూత ఏటి నీటితో కొట్టుకుపోయి సముద్రం అడుగున బురదలో చేరుతుంది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా బంగాళాఖాతం అడుగునుంచి తీసిన బురదను పరీక్షించి 2012లో ఒక బృందం ఫలితాలు వెల్లడించింది. సుమారు 4,000 ఏళ్ల కిందటినుంచి 1,700 ఏళ్ల కిందటివరకు ద్వీపకల్పం మధ్యభాగంలో ఎండకు ఓర్చుకునే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయట. అంటే వానలు తగ్గుతూ వచ్చిన కాలం. మన రైతులు ఉలవను, చిరుధాన్యాలను నమ్ముకున్నది ఆ కాలంలోనే. తక్కువ వానకు నిలబడే పంట ఏదో కోలారు వాళ్లకు ఇంకొకరు చెప్పాలా!

కోలారు జిల్లాలోనూ నవీన శిలాయుగపు ఊళ్లున్నాయి. బనహళ్లిలో ఆ కాలపు పొరలు బయటపడ్డాయి. బంగారు గనుల దగ్గర ఆంగ్లేయులు రాకముందే పాతవాళ్లు తవ్విన గోతులున్నాయి. పాతకాలంలో రాతిమీద కట్టెలు పేర్చి మంటపెట్టి, వేడెక్కాక నీళ్లు చల్లి పగలగొట్టేవారు. అలా మిగిలే బొగ్గు ముక్కను అడ్డంగా విరిచి చూస్తే ఏ చెట్టో తెలుస్తుంది. రాయచూరు జిల్లా హట్టి గనిలో దొరికిన పాత కొయ్య సుమారు 2,000 ఏళ్ల నాటిదని రేడియో కార్బన్ పరీక్షలో తేలింది. సంగనకల్లు బొగ్గులోనైతే చందనపు చెట్టు ఆనవాళ్లు కూడా కనిపించాయి.

నాకు దిగులు కలిగించేది మన చెరువుల సంగతి. నిత్యం నీరుండే చెరువు అడుగు బురదలో పుప్పొడి నిలుస్తుంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులో పుప్పొడి చెడిపోయినా, గడ్డి ఆకుల్లోని ఇసుకలాంటి సూక్ష్మకణాలు మిగులుతాయి. పూడిక తీయక తప్పదు, పొలానికి ఆ మట్టి బలం కూడా. కానీ జేసీబీ ఒక్క పూటలో ఎత్తి ట్రాక్టర్‌లో పోసే మట్టిలో వందల ఏళ్ల పొరలు కలగాపులగమైపోతాయి. బళ్లారి, రాయచూరు వైపు పశువుల పేడ కాల్చిన పాత బూడిద దిబ్బలు కూడా ఇలాగే ఎరువు కోసం చాలావరకు తరలిపోయాయి. పూడికతీతకు ముందు ఒకచోట నిలువుగా కోసి, పొరలు కనపడేలా ఫోటో తీసి, ఒక్కో పొరనుంచి గుప్పెడు మట్టి లోతు రాసిన సంచిలో దాచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నల్లటి బూడిద పొర, నున్నగా అరగదీసిన రాతి గొడ్డలి, పాత కుండపెంకులు కనిపిస్తే మాత్రం పిల్లల చేత తవ్వించకండి. ఉన్నచోటే ఉంచి పురావస్తు శాఖకు కబురు పెట్టాలి.

బడిలో చేయదగిన పని ఒకటుంది. ఇరవై ఉలవ గింజల పొడవు కొలిచి రాసుకోండి. పాత డబ్బాలో ఇసుక నింపి, గింజలు అందులో పూడ్చి, మూత పెట్టి, ఆరుబయట కట్టెల పొయ్యిమీద టీచరే కాల్చాలి. మూత పూర్తిగా బిగించవద్దు. పిల్లలు దూరంగా నిలబడి చూస్తే చాలు. చల్లారాక తీసి మళ్లీ కొలవండి. పొడవు ఎంత మారిందో పక్కనే రాయండి. తర్వాత ఆ గింజలను బడి ఆవరణలోని మట్టిలో కలిపి, బకెట్ నీళ్లలో వేసి నెమ్మదిగా కలియబెట్టి, పైకి తేలినవాటిని పలుచటి గుడ్డలో వడకట్టి లెక్కపెట్టమనండి. ఇరవైకి ఇరవై రావడం కష్టం. తక్కినవి ఏమయ్యాయో పిల్లలే వెతకాలి.